గంజిలో దాగిన మంట

నేతగాడి ఇంట్లో గంజికి రెండు పనులు. ఒకటి కడుపు నింపడం, రెండోది పడుగుకు బలమివ్వడం. చేనేత కాలంలో పొద్దు పొడవకముందే వీధి పొడవునా పడుగు సాగదీసి, కుంచెతో గంజి పట్టించి, ఎండ ముదిరేలోపు ఆరబెట్టేవారు. గంజి పట్టని పోగు నాడె దెబ్బకు ఆగదు. ఆ గంజి కుండ అడుగున కాస్త మిగిలిపోతే మర్నాటికి పులుపెక్కుతుంది. మరో రోజు గడిస్తే పైన బుడగలు కడతాయి. తరవాణి కుండ పెట్టిన ఇళ్లలో ఆ పులుపును వేసవి చలువగా తాగారు. బుడగలను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. కుండ మూతి బిగించి, గాలి చొరకుండా చేసి, సరైన సూక్ష్మజీవులను అందులోకి దింపితే, ఆ పులుపు కాస్తా పొయ్యి మీద నీలిమంట అవుతుంది. దాని పేరే బయోగ్యాస్.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం బయల్దేరిన పద్మశాలీలు షోలాపూర్, ముంబై, సూరత్‌లతో పాటు థాణే జిల్లాలోని భివండీలోనూ స్థిరపడ్డారు. అక్కడి పద్మానగర్‌లో ఇవాళ్టికీ తెలుగు వినబడుతుంది, ఏటా బతుకమ్మ ఆడతారు. సిరిసిల్లలో మాదిరిగానే మరమగ్గాన్ని సాంచా అంటారు. లక్షల సాంచాలు ఆడే భివండీలో గంజి వీధిలో కనిపించదు. అది సైజింగ్ కార్ఖానాలోకి వెళ్లిపోయింది. మొక్కజొన్న పిండో, కర్రపెండలం పిండో, చింతగింజల పొడో బాయిలర్ ఆవిరితో ఉడికించి, వేల పోగులను ఒకేసారి ఆ గంజిలో ముంచి, ఆరబెట్టి బీముకు చుడతారు. పద్ధతి మారినా పదార్థం మారలేదు. పడుగుకు బలం ఇప్పటికీ పిండిపదార్థమే.

గోబర్‌గ్యాస్ అనగానే మనకు పశువుల కొట్టమూ పేడకుప్పా గుర్తొస్తాయి. అవేవీ లేని ఇరుకు గల్లీల్లో, సాంచాల చప్పుడు మధ్య, బయోగ్యాస్‌కు చోటుందా? ఉంటే ఏ పనికి, ఎంత మేరకు? ఈ ప్రశ్నలకు ఉత్సాహంతో కాకుండా తూకంతో జవాబు చెప్పుకోవాలి.

మూసిన కుండలో నాలుగు చేతుల పని

బట్ట ఒక్క చేతిమీద తయారుకాదు. ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు చేస్తారు, ఒకరు గంజి పెడతారు, ఒకరు నేస్తారు. బయోగ్యాస్ కూడా అంతే. మూసిన తొట్టిలో నాలుగు రకాల సూక్ష్మజీవులు వరసగా పనిచేస్తాయి.

మొదటి రకం పెద్ద అణువులను ముక్కలు చేస్తుంది. అన్నం, రొట్టె, గంజిలోని పిండిపదార్థం చక్కెరలుగా విడిపోతుంది. పప్పులోని మాంసకృత్తులు, నూనెలోని కొవ్వులు కూడా ఇలాగే చిన్నవవుతాయి. రెండో రకం ఆ చక్కెరలను ఆమ్లాలుగా మారుస్తుంది. గంజి పులవడం ఈ దశ పనే. మూడో రకం ఆ ఆమ్లాలను ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. చివరివి మీథనోజెన్లు. ఇవి బాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే వంశానికి చెందిన అతి పురాతన జీవులు. ఎసిటిక్ ఆమ్లాన్నీ హైడ్రోజన్‌నూ మీథేన్‌గా మార్చేది ఇవే. ఆక్సిజన్ తగిలితే వీటి పని ఆగిపోతుంది. అందుకే తొట్టికి గాలి చొరబడని మూత ఉండాలి.

ఇలా వచ్చే వాయువులో 55 నుంచి 65 శాతం దాకా మీథేన్, మిగిలినదాంట్లో ఎక్కువభాగం కార్బన్ డయాక్సైడ్. కాస్త నీటి ఆవిరి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటాయి. మండేది మీథేన్. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ దాదాపు 0.45 కిలోల ఎల్పీజీకి, సుమారు మూడున్నర కిలోల కట్టెలకు సమానం.

మొదటి రెండు రకాల జీవులు చురుకైనవి, తర్వాతివి నెమ్మది. పిండి వంటి తేలిక ఆహారాన్ని ఒక్కసారిగా ఎక్కువ వేస్తే పులుపు తయారైనంత వేగంగా మీథనోజెన్లు దాన్ని తినలేవు. తొట్టి మొత్తం పులిసిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది. మీథనోజెన్లకు ఆమ్లమూ క్షారమూ సమంగా ఉన్న నీరు కావాలి. పీహెచ్ 6.8కూ 7.5కూ మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. వెచ్చదనం 35 డిగ్రీల దగ్గర బాగుంటుంది. కొంకణ తీరానికి దగ్గరగా ఉన్న భివండీ వాతావరణం ఈ జీవులకు అనుకూలం. హిమాలయాల్లో చలికి ముడుచుకుపోయే గ్యాస్ తొట్టి ఇక్కడ ఏడాది పొడవునా పనిచేస్తుంది.

ఈ విద్యకు ముంబైతో పాత చుట్టరికం

బురద నుంచి వచ్చే మండే వాయువును ఇటలీలోని మజోరే సరస్సు దగ్గర 1776లో పట్టి చూసినవాడు అలెస్సాండ్రో వోల్టా. దాన్ని దీపానికి వాడిన తొలి ప్రయత్నాల్లో ఒకటి భివండీకి ఒక్క పూట ప్రయాణ దూరంలోనే జరిగింది. ముంబైలోని మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 19వ శతాబ్దం చివర మురుగు నుంచి వచ్చే గ్యాస్‌తో దీపాలు వెలిగించారు.

తర్వాతి కథ మన పల్లెలది. 1950లలో జశ్‌భాయి పటేల్ తేలే డ్రమ్ము ఉన్న గోబర్‌గ్యాస్ యంత్రాన్ని రూపొందించి గ్రామలక్ష్మి అని పేరు పెట్టారు. గ్యాస్ నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. ఎంత గ్యాస్ ఉందో ఇంటి ఇల్లాలు చూసి చెప్పేయొచ్చు. 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దీన్ని దేశమంతటా ప్రచారం చేసింది. ఇనుప డ్రమ్ము ఖరీదు, తుప్పు బెడద తప్పించడానికి 1978లో ఇటుక గుమ్మటంతో జనతా నమూనా, 1984లో దాన్ని ఇంకా చౌక చేసిన దీనబంధు నమూనా వచ్చాయి. రోజుకు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాస్ అనేది అప్పటినుంచీ వాడుకలో ఉన్న లెక్క.

పట్నానికి పనికొచ్చే మలుపు పుణెలో వచ్చింది. వృక్షశాస్త్రవేత్త ఆనంద్ కర్వే ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు. పశువు తిని, అరిగించుకుని, వదిలేసిన పేడలో మిగిలే సత్తువ ఎంత? సూక్ష్మజీవులకు పశువు తినే తిండే నేరుగా పెడితే? ఆయన నెలకొల్పిన ఆర్తి సంస్థ పిండి, చక్కెర ఉన్న పదార్థాలతో నడిచే చిన్న ప్లాస్టిక్ ట్యాంకుల యంత్రాన్ని తయారుచేసింది. పేడ 40 కిలోలు వేసి 40 రోజులు ఆగే చోట, 2 కిలోల పిండిపదార్థం ఒక్క రోజులో అర కిలో మీథేన్ ఇస్తుందని వారు చెప్పారు. 2006లో ఈ పనికి ఆష్డెన్ పురస్కారం దక్కింది. రసాయన సమీకరణం ప్రకారం చూసినా ఆ మాట నిలుస్తుంది. కిలో పొడి పిండి పూర్తిగా విడిపోతే దాదాపు 830 లీటర్ల గ్యాస్, అందులో సగం మీథేన్ రావాలి. తూకంలో అది 300 గ్రాములకు కాస్త తక్కువ. రెండు కిలోలకు అర కిలో అంటే సిద్ధాంతం గీసిన గీత లోపలే ఉంది.

ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో శరద్ కాలే పులిసే దశనూ గ్యాస్ దశనూ విడదీశారు. ఆయన రూపొందించిన నిసర్గరుణ యంత్రంలో వంటింటి చెత్తను వేడినీటితో రుబ్బి ముందు ఒక తొట్టిలో గాలి తగిలేలా మెత్తబరుస్తారు. తర్వాతే అది గాలి చొరని రెండో తొట్టిలోకి వెళుతుంది. పులుపు పని పులుపుది, గ్యాస్ పని గ్యాస్‌ది. ఒకరి తొందర మరొకరిని ముంచదు.

తెలుగు నేల మీద అందరూ చూడదగ్గ ఉదాహరణ హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్త గంగాగ్నిరావు బృందం సాంకేతికతతో అక్కడ రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు. మార్కెట్ దీపాలకు ఆ కరెంటు, క్యాంటీన్ వంటకు ఆ గ్యాస్. 2021 జనవరి 31 నాటి మన్ కీ బాత్‌లో ప్రధాని ఈ మార్కెట్‌ను ప్రస్తావించారు.

సాంచా నడుస్తుందా?

భివండీలో ఎవరికైనా ముందు తట్టే ప్రశ్న ఇదే. కరెంటు బిల్లు కార్ఖానాదారు మెడ మీద కత్తి. చెత్త నుంచి కరెంటు తీసి సాంచా నడపగలిగితే అంతకన్నా ఏం కావాలి?

లెక్క వేద్దాం. మామూలు సాంచాకు ఒక హార్స్‌పవర్ మోటారు, అంటే ముప్పావు కిలోవాట్. 12 గంటల పాళీకి దాదాపు 9 యూనిట్లు. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్‌ను ఇంజన్‌లో మండిస్తే వచ్చేది ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు. అంటే ఒక్క సాంచా ఒక్క పాళీ నడవాలంటే ఐదారు ఘనపు మీటర్ల గ్యాస్, దానికి 50, 60 కిలోల వంటింటి వ్యర్థం కావాలి. బోయినపల్లిలో 10 టన్నుల కూరగాయలు ఇచ్చే 500 యూనిట్లతో ఒక పాళీకి 55 సాంచాలు ఆడతాయి. లక్షల సాంచాల ఊరికి అది సముద్రంలో కాకిరెట్ట.

కారణం ఇంజన్‌లో ఉంది. గ్యాస్‌లోని శక్తిలో సాధారణంగా మూడో వంతుకు మించి కరెంటుగా మారదు, తక్కినది వేడిగా గాలిలో కలుస్తుంది. అదే గ్యాస్‌ను మంచి పొయ్యిలో మండిస్తే సగానికి పైగా గిన్నెకు అందుతుంది. కాబట్టి బయోగ్యాస్‌ను ముందు వేడి అవసరమైన చోటే వాడాలి. భివండీలో అలాంటి చోట్లు రెండున్నాయి. అన్నం ఉడికే బిస్సీ, గంజి ఉడికే సైజింగ్.

బిస్సీ బకెట్టు, సైజింగ్ తొట్టి

కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చిన సాంచా కార్మికులు నెలవారీ డబ్బు కట్టి తినే భోజనశాలను భివండీలో బిస్సీ అంటారు. వంద మంది రెండు పూటలా తినే బిస్సీని ఊహించుకుందాం. మిగిలిన అన్నం, రొట్టె ముక్కలు, కూరగాయల తొక్కలు, వార్చిన గంజి అన్నీ కలిపి మనిషికి 200 గ్రాముల చొప్పున రోజుకు 20 కిలోలు అనుకుందాం. టన్ను వంటింటి వ్యర్థానికి సుమారు వంద ఘనపు మీటర్లు వస్తాయి కాబట్టి ఇక్కడ రోజుకు 2 ఘనపు మీటర్లు. నెలకు 27 కిలోల ఎల్పీజీకి సమానం, అంటే ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు రెండుకు కాస్త తక్కువ.

ఇది బిస్సీ వంట మొత్తానికి చాలదు. మనిషి వంటకు రోజుకు పావు ఘనపు మీటరు అనే పాత లెక్క ప్రకారం వంద మందికి 25 కావాలి. రెండు ఘనపు మీటర్లతో ఒక పొయ్యి, పొద్దుటి చాయ్, సాయంత్రం పప్పు గడుస్తాయి. కార్మికుల ఉమ్మడి మరుగుదొడ్లను కూడా కలిపితే మరింత వస్తుంది. 1980లలో పాట్నాలో సులభ్ సంస్థ ప్రజా మరుగుదొడ్ల నుంచి గ్యాస్ తీసి చూపింది. మనిషికి రోజుకు ఒక ఘనపు అడుగు, అంటే 28 లీటర్లు. వంద మందికి దాదాపు 3 ఘనపు మీటర్లు. మలం నుంచి వచ్చిన గ్యాస్ మీద అన్నం వండటానికి చాలామంది మనసు ఒప్పుకోదు. ఆ గ్యాస్‌ను దీపానికో నీళ్లు కాచడానికో వాడొచ్చు.

ఇక మనవాళ్ల గంజి. సైజింగ్‌లో ఒక పార్టీ సరుకు అయిపోయాక తొట్టి అడుగున గంజి మిగులుతుంది, తొట్టి కడిగిన నీళ్లూ కాలువలోకి పోతాయి. తూకానికి తూకం చూస్తే ఊళ్లోకెల్లా సత్తువైన ముడిసరుకు అదే. 10 కిలోల పొడి పిండికి సరిపడా గంజి దొరికితే, నష్టాలు పోను ఆరేడు ఘనపు మీటర్ల గ్యాస్ ఆశించవచ్చు. కాలువలో పడితే అదే పిండి నీళ్లలోని ఆక్సిజన్‌ను మింగేస్తుంది. అద్దకానికి ముందు గుడ్డ నుంచి గంజి వదిలించిన నీళ్లే వస్త్ర పరిశ్రమ మురుగులోని సేంద్రియ భారంలో పెద్ద వాటా అని ఈ రంగంలో పనిచేసేవారికి తెలుసు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బీము మీద బూజు పట్టకుండా సైజింగ్ గంజిలో జింక్ క్లోరైడ్, మైలుతుత్తం వంటి మందులు కలిపే అలవాటు ఈ వృత్తిలో పాతది. బూజును చంపే మందు మీథనోజెన్లనూ చంపుతుంది. పాలిస్టర్ నూలుకు పిండితో పాటు వాడే పాలీ వినైల్ ఆల్కహాల్ గాలి లేని తొట్టిలో సరిగా అరగదు. కాబట్టి సైజింగ్ తొట్టిలో ఏమేం కలిపారో తెలియకుండా గంజిని గ్యాస్ తొట్టిలో పోయకూడదు. పిండి ఎక్కువగా, మందు లేకుండా ఉన్న గంజినే వేరుగా పట్టి ఉంచాలి.

పిండి ఒక్కటే వేసినా నడవదు. ఉత్త అన్నంతో మనిషి బలంగా ఉండనట్టే సూక్ష్మజీవులకూ నత్రజని కావాలి. కార్బన్ 20 నుంచి 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే పని సాఫీగా సాగుతుంది. శివారులోని పశువుల తబేలాల పేడ ఇక్కడ రెండు విధాల ఆదుకుంటుంది. నత్రజని ఇస్తుంది, పులుపును అదుపులో ఉంచుతుంది. పైగా మొదట తొట్టిని నిలబెట్టడానికి కావలసిన మీథనోజెన్లు పేడలోనే ఉంటాయి. పాలు తోడు పెట్టడానికి పెరుగు ఎలాగో, గ్యాస్ తొట్టికి పేడ అలాగ.

సాంచాల కింద రాలే నూలు వ్యర్థం సంగతి? పాలిస్టర్ ఎన్నేళ్లయినా అరగదు, తొట్టిని పూడ్చేస్తుంది. పత్తి నూలు సెల్యులోజే కాబట్టి అరుగుతుంది, కానీ బాగా ఆలస్యంగా. పైగా పోగులు చుట్టుకుని గొట్టాలు మూసుకుపోతాయి. దాన్ని చిన్న తొట్టిలో వేయకపోవడమే మేలు. సద్దుల బతుకమ్మ తెల్లారి పోగయ్యే బంతి, గునుగు, తంగేడు పూలను కాడలు తీసి, తరిగి, రోజుకు కొంచెం చొప్పున వేయొచ్చు.

ఊరి స్థాయిలో

ఒక్కో బిస్సీకి ఒక్కో తొట్టి కట్టే జాగా ఈ గల్లీల్లో అన్నిచోట్లా ఉండదు. అక్కడ నగరపాలక సంస్థ పని మొదలవుతుంది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరి 19న ప్రారంభమైన గోబర్‌ధన్ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడిచెత్త, అందులోంచి 17 వేల కిలోల బయో సీఎన్‌జీ. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్‌నూ హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ తీసేసి, మీథేన్ 90 శాతం దాటేలా శుద్ధిచేసి, గట్టిగా ఒత్తి సిలిండర్లలో నింపితే అది బస్సుకూ ఆటోకూ ఇంధనం. కేంద్రం 2018 అక్టోబరులో సతత్ పథకంతో ఈ గ్యాస్ కొనుగోలుకు దారి వేసింది. నగర గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో దీన్ని 2025-26లో ఒక శాతం, 2028-29 నాటికి 5 శాతం కలపాలని నిర్దేశించింది. మనం వాడే గ్యాస్‌లో పెద్ద వాటా విదేశాల నుంచి వస్తున్నప్పుడు ఈ శాతాలు చిన్నవి కావు.

ఇండోర్ విజయం యంత్రంలో కన్నా ఇంటి గుమ్మంలో ఉంది. తడిచెత్త, పొడిచెత్త ఇంట్లోనే వేరు చేసి ఇచ్చే అలవాటు అక్కడ ముందే నిలబడింది. ప్లాస్టిక్ కవర్లూ నూలు చిక్కులూ కలిసిన చెత్తను ఏ యంత్రమూ అరిగించలేదు. డంపింగ్ గ్రౌండ్‌లో పోసినా ఆ తడిచెత్త ఊరికే ఉండదు. కుప్ప అడుగున గాలి ఆడక అదే మీథేన్ పుట్టి ఆకాశంలోకి పోతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు. మనం గ్యాస్ తయారుచేసినా చేయకపోయినా అది తయారవుతూనే ఉంటుంది. పొయ్యిలో మండాలా, గాలిలో కలవాలా అన్నదే మన చేతిలో ఉంది.

తొట్టికీ ఒక జాబర్ కావాలి

మన పల్లెల్లో కట్టిన గోబర్‌గ్యాస్ యంత్రాలు ఎన్నో మూలపడ్డాయి. పశువులు అమ్ముడుపోయాయి, డ్రమ్ము తుప్పుపట్టింది, గుమ్మటం పగులిచ్చింది, బాగుచేసే మేస్త్రీ దొరకలేదు. విజ్ఞానంలో తప్పు లేదు, రోజువారీ చూపు కరువైంది.

ఈ విషయం భివండీకి అర్థమైనంతగా మరో ఊరికి అర్థం కాదు. సాంచా చప్పుడులో తేడా విని ఏ భాగం అరిగిందో చెప్పే జాబర్ లేకుండా ఏ కార్ఖానా నడవదు. గ్యాస్ తొట్టికీ అలాంటి మనిషి ఒకరు కావాలి, అందుకు జీతమూ ఉండాలి. రోజూ ఒకే వేళకు, ఒకే కొలతలో మేత వేయాలి. గ్యాస్ తగ్గి పుల్లని వాసన వస్తే రెండుమూడు రోజులు మేత ఆపి కాస్త పేడ నీళ్లు పోయాలి. మంట నీలంగా ఉందో లేదో చూడాలి. గొట్టంలో చేరిన నీటిని వదలాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గొట్టాలనూ ఇంజన్‌నూ తినేస్తుంది కాబట్టి గ్యాస్‌ను తుప్పుపట్టిన ఇనుప రజను నింపిన డబ్బా గుండా పంపాలి. ఆ రజను ఊళ్లోని లేత్ వర్క్‌షాపుల్లో దొరుకుతుంది.

కొన్ని జాగ్రత్తల్లో రాజీ కుదరదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. కాబట్టి తొట్టి, గొట్టాలు ఉన్నచోట గాలి ధారాళంగా ఆడాలి, బీడీ వెలిగించకూడదు. బాగుచేయడానికైనా సరే మనిషి తొట్టిలోకి దిగకూడదు. లోపల ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు శ్వాసల్లో మనిషిని పడగొడుతుంది. మురుగు ట్యాంకుల్లో కార్మికులు చనిపోతున్నది ఇలాగే.

గ్యాస్ తీసుకున్నాక మిగిలే స్లర్రీ పారబోసేది కాదు. ముడిసరుకులోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపుగా అందులోనే ఉంటాయి. భివండీ తాలూకా పల్లెల్లో ఇప్పటికీ వరి పండుతోంది, ఆ మళ్లకు అది మంచి ఎరువు. తీసుకెళ్లే రైతుతో ముందే మాట్లాడుకోకపోతే మాత్రం గల్లీలో కొత్త మురుగు తయారవుతుంది.

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలి? యంత్రం కొనడంతో కాదు. బిస్సీ నడిపేవారు ఒక బకెట్టు, ఒక తూకం తెచ్చుకుని వారం రోజులు ఏ పూట ఎంత మిగిలిందో రాసుకోవాలి. సైజింగ్‌లో పనిచేసేవారు తొట్టిలో ఏ పిండి, ఏ మందు పడిందో, అడుగున ఎన్ని బకెట్లు మిగిలిందో రాసుకోవాలి. బీముకు ఎన్ని పోగులు, మీటరుకు ఎంత నూలు అని తరతరాలుగా లెక్క కట్టిన చేతులకు ఇది కష్టం కాదు. ఆ ఏడు రోజుల చీటీ చేతిలో ఉంటే ఎంత తొట్టి కట్టాలో, ఎన్ని సిలిండర్లు మిగులుతాయో, అసలు కట్టాలో వద్దో ఎవరినీ అడగనక్కర లేదు.